వంగిన నడుముల బాకీ

పింఛను దరఖాస్తుకు పాస్‌పోర్టు సైజు ఫొటో కావాలన్నారని మా పెద్దమ్మను మండల కేంద్రంలోని ఫొటో స్టూడియోకు తీసుకుపోయాం. స్టూలు మీద కూర్చోబెట్టి, కొంగు సర్ది, పక్కకు జరిగాం. కెమెరా పట్టుకున్న పిల్లగాడు "అవ్వా, జెర పైకి సూడు" అన్నాడు. పెద్దమ్మ కదల్లేదు. వినబడలేదేమోనని గొంతు పెంచి మళ్లీ అన్నాడు. నేల మీది చాప అంచును చూస్తూనే ఆమె జవాబిచ్చింది: "సూడరాదు బిడ్డా. నా మెడ గంతే. నువ్వే జెర కిందికి రా."

పిల్లగాడు మా వైపు ఒకసారి చూసి, నేల మీద మోకాళ్లూనాడు. అప్పటికీ ముఖం అందలేదు. మోచేతుల మీద వంగి, చెంప దాదాపు చాపకు ఆనించి, కింది నుంచి ఫొటో తీశాడు. ఆ ఫొటో కాపీ ఒకటి నా దగ్గర ఇంకా ఉంది. గడ్డం ఛాతీ మీద ఆనుకుని ఉంటుంది. కళ్లు మాత్రం ఎంత పైకి లేవగలవో అంత పైకి లేచి ఉంటాయి.

అప్పటికి ఆమెకు యాభై అయిదు దాటలేదు. అవ్వా అని పిలిచినందుకు ఆ పిల్లగాణ్ని తప్పుపట్టలేం. మాది ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు ఊరు. మా దిక్కున వయసును ముఖం చూసి చెప్పలేరు. ఎవరు ఏ బావి నీళ్లు ఎన్నేళ్లు తాగారన్నదే చెబుతుంది.

పెద్దమ్మ కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో రెండు బిందెలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని బోరింగు నుంచి ఇంటికి నడిచేదట. ముప్పయ్యో ఏడు దాటాక మోకాళ్లు పట్టేయడం మొదలైంది. తర్వాత నడుము, ఆ తర్వాత మెడ. పక్కకు చూడాలంటే మెడ తిప్పడం కుదరదు, మనిషంతా తిరగాలి. పడుకోవాలంటే పక్కకు ఒత్తిగిలే పడుకోవాలి. నెత్తి దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేవదు. ఆమె మోసిన నీళ్లే ఆమెను వంచాయి.

ఫొటో అతికించిన దరఖాస్తు పట్టుకుని వైకల్య ధ్రువీకరణ శిబిరానికి పోయాం. పొద్దున ఏడింటికి వరుసలో నిలబడితే మధ్యాహ్నం పిలుపు వచ్చింది. చేతులు, కాళ్లు కదిలించి చూశారు, కాగితం మీద రాశారు. 38 శాతం. పింఛనుకు 40 కావాలి. వృద్ధాప్య పింఛనుకు వయసు చాలదు, వికలాంగ పింఛనుకు వంపు చాలదు. రెండు శాతం తక్కువ పడిన ఆ కాగితాన్ని మడిచి కొంగున కట్టుకుని పెద్దమ్మ బస్సెక్కింది.

ఆ డాక్టరు మీద నాకు కోపం లేదు. ఆయన చేతిలో పెట్టిన కొలబద్ద అది. ఆ కొలబద్దను తయారుచేసిన వాళ్లు, మా నేల కింద ఏముందో ఎనభై ఏళ్లుగా తెలిసి ఉన్నవాళ్లు. నా ప్రశ్న వాళ్లకు.

తెలియక జరిగింది కాదు

నల్లగొండలో ఫ్లోరోసిస్ గురించి 1945 నాటికే వైద్య పత్రికల్లో రాశారు. అప్పటికి ఇది నిజాం రాజ్యం. అంతకు ముందే, 1937లో, మద్రాసు రాష్ట్రంలోని దర్శి, పొదిలి వైపు పల్లెల్లో ఈ జబ్బును డాక్టర్లు గుర్తుపట్టారు. 1955లో నల్లగొండ రోగుల ఎముకల పరిస్థితి మీద ఇంగ్లండులోని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరమైన వ్యాసం అచ్చయింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, మోకాళ్లు లోపలికి వంగిపోయిన మా పిల్లల గురించి లాన్సెట్‌లో రాశారు. తార్నాకలోని ఆ సంస్థకూ మా ఊళ్లకూ మధ్య బస్సులో రెండు మూడు గంటల దారి. మా కాళ్ల కథ లండను దాకా పోయింది. మా ఊరికి మంచినీళ్లు మాత్రం రాలేదు.

జబ్బు నడిచే తీరు కూడా శాస్త్రానికి కొత్తేమీ కాదు. ఈ ప్రాంతం కింద ఉన్నది వందల కోట్ల ఏళ్లనాటి గ్రానైటు రాయి. ఆ రాళ్లలోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. భూమిలోకి ఇంకిన కాసిని నీళ్లూ ఏళ్ల తరబడి రాళ్ల పగుళ్లలో నిలవ ఉంటాయి. నీళ్లలో కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్నచోట ఫ్లోరైడ్ తేలిగ్గా కరుగుతుంది. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చు. మా జిల్లాలో కొన్ని బోర్లలో 10 మిల్లీగ్రాములు దాటిన దాఖలాలు ఉన్నాయి.

ఆ నీటికి రంగు లేదు, వాసన లేదు. కాచినా పోదు, గుడ్డలో వడగట్టినా పోదు. పిల్లలకు పళ్లు తయారయ్యే వయసులో ఒంట్లో చేరితే, పాలపళ్లు ఊడి వచ్చిన కొత్త పళ్ల మీద గోధుమ రంగు చారలు పడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఎముకల్లో పేరుకుంటుంది. ఎముకలను కలిపే నరాల్లాంటి బంధనాలు సున్నం పట్టి గట్టిపడతాయి. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ముదిరితే వెన్నుపాము మీద ఒత్తిడి పడి కాళ్లు చచ్చుబడతాయి. అలా బిగిసిన ఎముకను మళ్లీ మామూలు చేసే మందు లేదు. నొప్పి తగ్గించవచ్చు, కాల్షియం, విటమిన్లు ఉన్న తిండి పెట్టి ముదరకుండా ఆపవచ్చు, వ్యాయామంతో కొంత కదలిక నిలబెట్టవచ్చు. మా ఇళ్లలో రోజూ చేసుకునే పచ్చిపులుసులోని చింతపండు ఫ్లోరైడును మూత్రంలో బయటికి పంపడానికి తోడ్పడుతుందని పోషకాహార సంస్థ పరిశోధనల్లోనే తేలింది. కానీ వీటన్నిటికీ ముందు జరగాల్సింది ఒకటే: ఆ నీళ్లు ఆపడం.

జరిగింది మరొకటి. పాత రోజుల్లో ఊరికి పై నీటి ఊట ఉన్న దిగుడుబావులు ఉండేవి. కలరా, విరేచనాల భయంతో ప్రభుత్వాలు ఊరూరా చేతి బోరింగులు దింపాయి. క్రిముల నుంచి అవి ప్రాణాలు కాపాడిన మాట నిజం. కానీ లోతుకు పోయేకొద్దీ, రాతిలో నిలవున్న నీళ్లలో ఫ్లోరైడ్ పెరిగే చోట, నీళ్లు పరీక్షించకుండా బోరు వేయడమంటే ఇంటింటికీ విషాన్ని కొట్టి పోయడమే. తర్వాతెప్పుడో వచ్చి కొన్ని బోరింగులకు ఎర్ర రంగు పూశారు. తాగొద్దని దాని అర్థం. తాగడానికి వేరే ఏముందో ఆ రంగు చెప్పలేదు. పెద్దమ్మ ఎర్ర రంగు బోరింగు నీళ్లే తాగింది.

నల్లగొండ పేరు ప్రపంచానికి పోయింది

1970ల్లో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ ఒక పద్ధతి కనిపెట్టింది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగు పొడి తగుపాళ్లలో కలిపి, కలియబెట్టి, మడ్డి అడుగుకు దిగాక పై నీళ్లు తేర్చుకోవాలి. మడ్డితోపాటు ఫ్లోరైడ్ కూడా చాలావరకు దిగిపోతుంది. దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. తర్వాత టాంజానియా, కెన్యా పల్లెల్లో కూడా దీన్ని వాడి చూశారు. మా జిల్లా పేరు ఆఫ్రికాలో మంచినీళ్లకు పేరయింది.

మా దగ్గర మాత్రం అది నిలవలేదు. దానికి రోజూ ఒక మనిషి కావాలి. నీళ్లను బట్టి పటిక పాళ్లు మార్చాలి. మడ్డిని జాగ్రత్తగా పారబోయాలి. పాళ్లు తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది. యంత్రం పెట్టిన రోజున కొబ్బరికాయ కొట్టినవాళ్లు, పటిక కొనడానికీ, చూసుకునే మనిషికి జీతమివ్వడానికీ ఏటా డబ్బు ఎవరిస్తారో చెప్పలేదు. మా దిక్కు ఏ పాత ట్యాంకు చూసినా ఈ కథే చెబుతుంది. ప్రారంభోత్సవానికి బడ్జెటు ఉంటుంది, నడపడానికి ఉండదు.

పక్కనే కృష్ణ పారుతుంది. నందికొండ దగ్గర 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పొలాలు పచ్చబడ్డాయి. మునుగోడు, దేవరకొండ వైపు మెట్ట మాత్రం ఎత్తున ఉండిపోయింది. నీళ్లు పల్లానికి పోయాయి. 2004లో సాగర్ నీళ్లను కోదండాపురం దగ్గర శుద్ధి చేసి, నసర్లపల్లి, గోడకొండ్ల మీదుగా పెద్ద పెద్ద పైపుల్లో హైదరాబాదుకు ఎత్తిపోయడం మొదలైంది. ఆ గోడకొండ్ల మా ఊళ్ల పక్కనే. మనిషి వంగకుండా నడిచిపోయేంత పైపులు, నడుము వంగిన మనుషుల ఊళ్ల మీదుగా పోయాయి. హైదరాబాదుకు దాహం లేదని నేననడం లేదు. నగరానికి నీళ్లు ఎత్తగలిగిన మోటార్లు, మధ్యలో ఉన్న ఊరికి ఎందుకు ఎత్తలేకపోయాయని మా నాయిన అడిగేవాడు. ఆ ప్రశ్నకు ఇంజనీరింగ్ జవాబు లేదు. అది ఎవరి దాహాన్ని ముందు లెక్కలోకి తీసుకున్నారన్న ప్రశ్న.

480 పేర్ల పుస్తకం

అర్జీలు పెట్టారు, ధర్నాలు చేశారు, పాదయాత్రలు నడిచారు. బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన దుశర్ల సత్యనారాయణ జల సాధన సమితి పెట్టి ఊరూరా తిరిగారు. ఇన్ని చేసినా లెక్కలోకి రానప్పుడు, లెక్కలోకి రాక తప్పని దారి ఒకటి పట్టారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు.

అప్పుడు డిపాజిటు 500 రూపాయలు. ఆ డబ్బు పోతుందని నామినేషను వేసిన వాళ్లందరికీ తెలుసు. గెలవడానికి వేయలేదు. బ్యాలెట్ పత్రం ఒక పుస్తకమైంది. ఓటరు పేజీలు తిప్పి తన గుర్తు వెతుక్కోవాల్సి వచ్చింది. దేశమంతటా పత్రికలు నల్లగొండ పేరు రాశాయి, ఎందుకని అడిగాయి. నీళ్ల కోసమని జవాబు వెళ్లింది. ఆ ఎన్నికలో తెలంగాణ సాయుధ పోరాట యోధుడు, కమ్యూనిస్టు నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. కానీ మా ఊళ్లలో ఇప్పటికీ ఆ ఎన్నికను గెలిచిన మనిషి పేరుతో కంటే నిలబడిన మనుషుల సంఖ్యతో గుర్తుపెట్టుకుంటారు.

అదే ఏడాది పార్లమెంటు చట్టం మార్చింది. లోక్‌సభకు డిపాజిటు 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. స్వతంత్ర అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. బ్యాలెట్ పొడవును తగ్గించడానికి రాజ్యానికి కొన్ని నెలలు పట్టింది. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి ఆ తర్వాత ఇరవై ఏళ్లు పట్టింది. తలుచుకుంటే ప్రభుత్వం ఎంత వేగంగా కదలగలదో మాకు ఆ ఏడాదే తెలిసింది. అందుకే 'సాధ్యం కాదు' అన్న మాటను మేం అంత తేలిగ్గా నమ్మం.

వాజపేయి ప్రధానిగా ఉన్న రోజుల్లో సత్యనారాయణ మరో పని చేశారు. మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశల స్వామిని ఢిల్లీ తీసుకుపోయి, ప్రధాని ముందు బల్ల మీద పెట్టి చూపించారు. ఫ్లోరోసిస్‌తో స్వామి ఎత్తు మూడడుగుల దగ్గరే ఆగిపోయింది. కాళ్లు చేతులు వంకర్లు పోయాయి. కాగితం మీది అంకెలు చదివి ఏమీ కదలని చోట, ఒక మనిషి తన ఒంటినే అర్జీగా సమర్పించాల్సి వచ్చింది. ఆ తర్వాత స్వామి సభల్లో, దీక్షల్లో, పత్రికల్లో మా అందరి తరఫున నిలబడ్డాడు. ఫ్లోరోసిస్ విముక్తి పోరాట సమితి లాంటి సంఘాలు ఆయనతో కలిసి ఊరూరా బాధితుల గొంతు వినిపించాయి. 2023 జనవరిలో స్వామి కన్నుమూశాడు.

సున్నా అన్న అంకె

నీళ్లు వచ్చాయి. ఆ మాట దాచకుండా చెప్పాలి. తెలంగాణ వచ్చాక 2015 జూన్ 8న మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లోనే, అంటే ఫ్లోరైడ్ బాధిత ప్రాంతంలోనే ఆవిష్కరించారు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో తొలి దశ ప్రారంభమైంది. నది నీళ్లు శుద్ధయి, పైపుల్లో ఊళ్లకు వచ్చాయి. మా ఊళ్లో నల్లా తిప్పగానే కృష్ణ నీళ్లు పడిన రోజు మా నాయిన చెంబు పట్టి తులసికోట దగ్గర పోసి, తర్వాత తాగాడు. ఇప్పుడు బడిలో చేరుతున్న పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. ఆ తెలుపు కోసం పోరాడిన వాళ్లందరికీ, ఆ పైపులు వేసిన కూలీల నుంచి ఇంజనీర్ల దాకా అందరికీ నేను దండం పెడతాను.

2020లో కేంద్ర ప్రభుత్వ లెక్కల్లో తెలంగాణలోని ఫ్లోరైడ్ బాధిత ఆవాసాల సంఖ్య సున్నా అయింది. 2015లో ఆ సంఖ్య 967. గొప్ప విజయమే. అయితే ఆ సున్నా దేన్ని లెక్కపెట్టిందో చూడాలి. అది నీళ్లు అందని ఊళ్ల లెక్క. ఆ నీళ్లు రాకముందే వంగిపోయిన నడుముల లెక్క అందులో లేదు. కొత్తగా జబ్బు రాకుండా ఆపడం ఒక బాధ్యత. వచ్చిన జబ్బును మోస్తున్న మనిషిని చూసుకోవడం రెండో బాధ్యత. మొదటి దానికి పైలాన్ ఉంది. రెండో దానికి ఊరివారీ జాబితా ఏ పంచాయతీ గోడ మీదా నేను చూడలేదు.

మొదటి బాధ్యత కూడా ఒకసారి తీర్చేస్తే తీరిపోయేది కాదు. మోటారు కాలినా, పైపు పగిలినా, కరెంటు పోయినా నల్లా ఆగుతుంది. రెండు రోజులు ఆగితే మూడో రోజు జనం బోరు దగ్గరికే పోతారు. పొలానికి పోయిన కూలీలు అక్కడి బోరు నీళ్లే తాగుతారు. క్యాన్ల నీళ్లు కొనుక్కునే ఇళ్లలో ఆ నీళ్లను ఎవరు పరీక్షించారో ఎవరికీ తెలియదు. శ్రీశైలం నుంచి కొండ కింద దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వి, మోటార్లు లేకుండా నీళ్లు మా మెట్టకు తేవాలన్న పథకం ఇరవై ఏళ్లుగా సాగుతోంది. 2025 ఫిబ్రవరి 22న అందులో పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చి మా నీళ్ల కోసం తవ్వినవాళ్లు. మా దాహం లెక్కలో ఇప్పుడు వాళ్ల పేర్లూ చేరాయి.

మనిషిని చూసుకునే పని

ఫ్లోరోసిస్ ఉన్న ఇంట్లో ఒక రోజు ఎలా గడుస్తుందో విధానాలు రాసేవాళ్లు చూడాలి. పొద్దున మంచం మీది నుంచి లేపడానికి ఒక మనిషి కావాలి. కింద కూర్చునే మరుగుదొడ్డి పెద్దమ్మకు పనికిరాదు. కూర్చుంటే లేవలేదు. ప్రభుత్వం కట్టించిన దొడ్డి బయట తాళం వేసి ఉంటుంది, ఆమె కుర్చీకి మధ్యలో రంధ్రం కోయించుకుని వాడుకుంటుంది. నెత్తికి నీళ్లు కోడలు పోయాలి. ఆ కోడలు కూలికి పోతే ఆ రోజు పెద్దమ్మకు స్నానం లేదు. కోడలు పోకపోతే ఆ రోజు కూలి డబ్బుల్లేవు. ఈ పనికి జీతం లేదు, పేరు లేదు, ఏ లెక్కలోనూ కనబడదు. ఒక్కో ఫ్లోరోసిస్ మనిషి వెనక ఇలా ఇంకో మనిషి జీవితం, ఎక్కువసార్లు ఒక ఆడమనిషి జీవితం, కట్టుబడి ఉంటుంది.

పెళ్లి సంబంధాల దగ్గర కూడా ఇది కనబడేది. "ఆ ఊరికి పిల్లనియ్యం" అన్న మాట మా తరం చాలాసార్లు విన్నది. గారపళ్లు నవ్వులో కనబడకుండా పెదవులు బిగించి ఫొటోలు దిగిన పిల్లలు మా బడి నిండా ఉండేవాళ్లు. నేనూ వాళ్లలో ఒకణ్ని.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో 21 రకాల వైకల్యాల పట్టిక ఉంది. ఫ్లోరోసిస్ పేరు అందులో లేదు. మా వాళ్లు కదలిక సంబంధమైన వైకల్యం కింద పోయి నిలబడాలి. ఆ కొలత కాళ్లూ చేతులూ ఎంత కదులుతాయో చూస్తుంది. మెడ, వెన్ను మొత్తం కట్టెలా బిగిసి, రాత్రి నొప్పికి నిద్ర లేక, ఏడాదికేడాది ముదిరే జబ్బు ఆ గళ్లలో సరిగా ఇమడదు. అందుకే 38 అన్న అంకె పుడుతుంది. రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలకు పెరిగింది. అదే ఏడాది ఎన్నికల్లో 6,000 చేస్తామన్న హామీ వచ్చింది, హామీ ఇచ్చిన పార్టీ గెలిచింది. కానీ 40 గీత కింద ఉన్నవాళ్లకు ఈ అంకెలేవీ తగలవు.

ఆ చట్టంలోనే, ఎక్కువ తోడ్పాటు అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే పథకం ఉండాలని 24వ సెక్షను చెబుతోంది. కోడలు పోసే నీళ్లకు విలువ కట్టమని చట్టమే చెప్పిందన్నమాట. 2008-09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమం కూడా సర్వే చేయాలి, పరీక్షించాలి, బాధితులకు వైద్యం, పునరావాసం ఇవ్వాలి అంటుంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక రోజు ఫిజియోథెరపిస్టు, పెద్దమ్మలాంటి వాళ్లకు కుర్చీ మరుగుదొడ్డి, కాల్షియం మాత్రలు, పాలు, గుడ్డు, ఇంటికి వచ్చి చూసే ఆశా కార్యకర్తకు ఈ జబ్బు మీద శిక్షణ. వీటిలో ఏదీ సొరంగం తవ్వేంత ఖర్చు కాదు. ఫ్లోరైడ్ మీద పరిశోధన కేంద్రం, పెద్దాసుపత్రి కావాలన్న కోరిక, ఇస్తామన్న మాట మా దగ్గర పాతబడిపోయాయి. 2022 మునుగోడు ఉప ఎన్నికలో కూడా అవి ప్రచారంలోనే వినబడ్డాయి.

లెక్క అడిగే పద్ధతి

జవాబుదారీతనం అన్న పెద్ద మాటను మా ఊరి భాషలోకి తెస్తే 'లెక్క చెప్పుడు' అంటారు. పటేలు దగ్గర జీతం ఉన్నవాడు కూడా ఏడాది చివర లెక్క అడిగేవాడు. ప్రభుత్వాన్ని లెక్క అడగడానికి జంకాల్సిన పని లేదు. శుభ్రమైన నీరు, గాలి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ప్రజల ఆరోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక విధుల్లో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతోంది. 2005 నుంచి సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. పది రూపాయల ఫీజు కట్టి రాసే అర్జీకి 30 రోజుల్లో జవాబివ్వాలి.

అడగాల్సినవి ఏమీ కష్టమైన ప్రశ్నలు కావు. మా ఊరి నల్లా నీళ్లు చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఫ్లోరైడ్ ఎంత వచ్చింది? గత ఏడాది ఎన్ని రోజులు నీళ్లు రాలేదు, ఆ రోజుల్లో ట్యాంకరు పంపారా? మా మండలంలో ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లు ఎందరు, ఆ లెక్క ఏ ఏడాది తీశారు? వారిలో ధ్రువపత్రం ఎందరికి దక్కింది, 40కి లోపు పడినవాళ్లు ఎందరు? వాళ్లను మళ్లీ ఎప్పుడు పరీక్షిస్తారు? ఈ జబ్బు పేరు మీద మా జిల్లాకు వచ్చిన డబ్బు ఎంత, ఖర్చయింది ఎంత? ఈ జవాబులు పంచాయతీ గోడ మీద సున్నం వేసి రాయాలి. ఉపాధి హామీ లెక్కలు గోడ మీద రాయగలిగినప్పుడు నీళ్ల లెక్కలు రాయడానికి గోడ చాలకపోదు.

నీళ్లు పరీక్షించడం కూడా ఇప్పుడు మన చేతికి అందిన పనే. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ప్రకారం ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు పరీక్ష కిట్టు వాడటం నేర్పాలి. ఒక మధ్యాహ్నం మా ఊరి బడి అరుగు మీద మహిళా సంఘం వాళ్లు దాన్ని వాడటం చూశాను. నల్లా నీళ్లు గాజు గొట్టంలో పోసి మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు నిలిచింది. తర్వాత ఒకామె మూలన పడి ఉన్న ఎర్ర బోరింగు కొట్టి ఆ నీళ్లు తెచ్చింది. అదే మందు వేయగానే గులాబీ విరిగి పసుపు రంగుకు తిరిగింది. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్లు ఎవరూ మాట్లాడలేదు. ఒకామె నెమ్మదిగా, "గీ పసుపేనా మా అత్తను వంచింది" అంది. ఒక తరం మొత్తం తాగిన విషం రంగు వాళ్లకు మొదటిసారి కళ్లకు కనబడింది. ఆ రోజు నుంచి నల్లా రెండు రోజులు ఆగితే పంచాయతీ దగ్గరికి ముందుగా పోయేది ఆ ఐదుగురే.

మునుపు 480 మంది పేర్లు బ్యాలెట్ పుస్తకంలోకి ఎక్కితే దేశం మా వైపు తిరిగింది. ఇప్పుడు ఎక్కాల్సిన పేర్లు వేరే. ప్రతి ఊళ్లో, ప్రతి ఇంట్లో, వంగిన ప్రతి మనిషి పేరూ, వయసూ, ఏ అవయవం ఎంత బిగిసిందో, ఎవరు చూసుకుంటున్నారో, ఏం అందింది, ఏం అందలేదో రాసిన జాబితా కావాలి. ఏటా గ్రామసభలో చదివి వినిపించాలి. ఆ జాబితాలో ఒక్కరు మిగిలి ఉన్నంతకాలం జిల్లా పక్కన సున్నా రాసి లెక్క ముగిసిందనకూడదు. ఈ మనుషులు ఎన్నాళ్లో ఉండరు. ఒక్కొక్కరే పోతున్నారు. వాళ్లు పోయేదాకా ఆగితే సమస్య దానంతటదే పరిష్కారమైనట్టు కాగితం మీద కనబడుతుంది. అది పరిష్కారం కాదు, ఎగవేసిన బాకీ.

పెద్దమ్మను వచ్చే నెల మళ్లీ శిబిరానికి తీసుకుపోతున్నాం. పాత ఫొటో చెల్లదన్నారు, కొత్తది కావాలట. అదే స్టూడియోకు పోయాం. పిల్లగాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు, కొత్త కెమెరా కొన్నాడు. పెద్దమ్మను స్టూలు మీద కూర్చోబెట్టగానే, ఈసారి ఆమె ఏమీ చెప్పకముందే, చాప మీద మోకాళ్లూని కిందికి వచ్చాడు.